అత్తయ్య గదిలో సముద్రం

బందరులో మేముండే ఇల్లు మా మావయ్యగారు కట్టించింది. ఆయన బడిపంతులు. గోడల పని ఎవరికి అప్పగించినా, నేల పని మాత్రం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని చేయించారట. ఎర్ర గచ్చు, చుట్టూ జానెడు నల్ల అంచు. గుడివాడ నుంచి కోడలిగా వచ్చిన రోజు తలుపు దాటగానే నన్ను ఆకట్టుకున్నది ఆ నేలే. పైన తిరుగుతున్న ఫ్యాను అందులో కూడా తిరుగుతోంది. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా పరుచుకోకుండా దాని మీద చెంప ఆనించి పడుకునేదాన్ని. చల్లదనం చెవిలోంచి లోపలికి ఎక్కేది. అత్తయ్య చూసి, "గచ్చు మీద పడుకుంటే నడుం పట్టేస్తుందమ్మాయ్," అనేవారు. అని, కాసేపటికి ఆవిడ కూడా కొంగు పరుచుకుని పక్కనే ఒరిగేవారు.

ఆ గచ్చు మెరుపంతా అత్తయ్య చేతి చలవ. బకెట్టు నీళ్ళలో రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, గుడ్డ పిండి, గొంతుక్కూర్చుని వెనక్కి వెనక్కి జరుగుతూ రోజూ తుడిచేవారు. మా అమ్మాయి ఆ నేల మీదే పాకింది, నడిచింది, పడి మూతి పగలగొట్టుకుంది.

కానీ బందరు మట్టిలో ఉప్పుంది. ఎంత గట్టిగా కట్టినా కింద నుంచి చెమ్మతో పాటు పైకి లేస్తుంది. ముందు మూలల్లో తెల్లటి పొడి కనిపించింది. తుడిస్తే పోయేది, మర్నాటికి మళ్ళీ వచ్చేది. కొన్నేళ్ళకి గచ్చు అక్కడక్కడ ఉబ్బి, పెచ్చులు లేవడం మొదలుపెట్టింది. ఒక వానాకాలం అత్తయ్య తన గదిలోనే కాలు తట్టుకుని పడ్డారు. ఎముక విరగలేదు గానీ మాకు గుండె జారింది. అప్పుడు ఆవిడ గది ఒక్కదానికి టైల్స్ వేయించాం. మిగతా ఇల్లు, చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే వెనకబడింది. చివరికి హాల్లో చెప్పుల్లేకుండా నడవలేని స్థితి వచ్చాక, ఒక వేసవిలో ఇక తప్పదని నిర్ణయించుకున్నాం. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను, సెలవులు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి కూడా ఇంటికొచ్చి ఉంది.

మేస్త్రీ వచ్చి ఇల్లంతా చూశాడు. హాల్లో ఒకచోట ఆగి, "ఇదెక్కడ పెడతారండీ?" అన్నాడు.

అతను చూపించింది మా ఆయన అక్వేరియాన్ని.

మా ఆయనకి గుడివాడ రోడ్డులో చిన్న ల్యాబ్ ఉంది. రొయ్యల చెరువుల రైతులు సీసాల్లో నీళ్ళు తెచ్చిస్తే ఉప్పెంతుంది, గాలెంతుంది పరీక్ష చేసి చెప్తారు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళతో వేగేవాళ్ళు ఇంటికొచ్చి వాటి మొహం చూడకూడదు. కానీ ఈయన నలభై దాటాక ఏకంగా సముద్రపు చేపల్ని పెంచుతానని పట్టుబట్టారు. ఆరడుగుల పొడవు గాజు తొట్టి, ఇనప స్టాండు, కింద నీళ్ళు శుభ్రం చేసే ఇంకో తొట్టి, మోటార్లు, నీలం లైట్లు. నీళ్ళూ రాళ్ళూ కలుపుకుంటే చిన్న కారంత బరువు. చిత్రమేమిటంటే, సముద్రం మా ఊరికి ఇంత దగ్గరున్నా ఆ నీళ్ళు దీనికి పనికిరావు. మా తీరమంతా బురద. అందుకని చెన్నై నుంచి ఉప్పు ప్యాకెట్లు తెప్పించి, ఫిల్టరు నీళ్ళలో కలిపి, ఇంట్లోనే సముద్రం తయారు చేసేవారు. బంధువులు నవ్వేవారు.

అందులో చిన్న నీలం చేపల గుంపు ఒకటుండేది. ఒంటరిగా తిరిగే పసుప్పచ్చ చేప ఒకటి. కమలాపండు రంగు మీద తెల్ల చారలున్న జంట ఒకటి, పువ్వులాగా విచ్చుకుని ఊగే ఒక సముద్రజీవి వేళ్ళ మధ్యే కాపురం పెట్టాయి. రాళ్ళు కూడా మామూలువి కావు. వాటి నిండా కంటికి కనిపించే ప్రాణులూ కనిపించని ప్రాణులూ ఉంటాయనీ, ఆ రాళ్ళు ఎండితే మొత్తం తొట్టే చచ్చిపోతుందనీ ఆయన చెప్పేవారు. ఆయన చిన్నతనమంతా సముద్రానికి ఇంత దగ్గర్లో గడిచినా, సముద్రం చూడకుండానే గడిచింది. స్కూలు పిల్లలందరూ మంగినపూడి బీచికి వెళ్తే ఈయన ఒక్కరే ఇంట్లో ఉండేవారట. వాళ్ళమ్మ పంపేవారు కాదు.

అత్తయ్యది దివిసీమ. అవనిగడ్డ దాటి, నాగాయలంక దాటి, ఇంకా కిందకి వెళ్తే సముద్రాన్ని ఆనుకుని ఉండే చిన్న పల్లె. పదహారేళ్ళ వయసులో ఉప్పెనలో తల్లిని పోగొట్టుకున్నారు. ఈ మాట కూడా మావయ్యగారు చెప్పగా విన్నదే. ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. పెద్ద గాలి వీస్తే చెవుల మీదుగా కొంగు బిగించుకుని, మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ప్రార్థన చేసుకునేవారు. మేమెవరం కదిపేవాళ్ళం కాదు. ఆవిడకి సముద్రమంటే భయమని ఇంటిల్లిపాదీ నమ్మాం.

అందుకే హాల్లోకి అక్వేరియం వచ్చిన రోజు నేను భయపడుతూనే ఉన్నాను. ఆవిడ తన కుర్చీని వీధి గుమ్మం వైపు తిప్పుకున్నారు. అప్పట్నుంచీ హాల్లో ఎంతసేపు కూర్చున్నా దానికి వీపు పెట్టే కూర్చునేవారు. ఎప్పుడైనా ప్రస్తావన వస్తే "ఆ ఉప్పునీళ్ళ పెట్టె" అనేవారు.

ఇప్పుడు ఆ పెట్టెని ఎక్కడికి మార్చాలి? ల్యాబ్‌కి తీసుకెళ్దామంటే, జబ్బు చేసిన చెరువుల నీళ్ళు అక్కడికే వస్తాయి, ఒక్క చుక్క తగిలినా చేపలు పోతాయన్నారు మా ఆయన. వరండాలో ఎండ. ఇరుగుపొరుగు ఇళ్ళలో చోటు లేదు. గునపం పడని గది ఇల్లు మొత్తానికి ఒక్కటే, అత్తయ్యది. ఆయన ఆ సంగతి గ్రహించి, తల్లిని అడగలేక, రెండు రోజులు నా చుట్టూ తిరిగారు. చివరికి నేనే వెళ్ళాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆవిడ పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు తీసి, మెల్లగా విషయం చెప్పాను.

అత్తయ్య చెయ్యి ఆగలేదు. "మరి ఎక్కడ పెడతారు, నడివీధిలో పెట్టుకుంటారా? పెట్టుకోండి," అన్నారు. కాసేపాగి, "నా మంచం మాత్రం అటు తిప్పించు," అన్నారు.

పడుకుంటే అక్వేరియం తల వెనక్కి వచ్చేలా మంచం తిప్పించాం.

మార్చే రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. మా ఆయన రొయ్యల రైతుల దగ్గర నీలం డ్రమ్ములు అడిగి తెచ్చారు. పైపు పెట్టి, నోటితో పీల్చి, తొట్టిలో నీళ్ళు డ్రమ్ముల్లోకి దించారు. నీళ్ళు సగానికి తగ్గాక రాళ్ళు ఒక్కొక్కటే తీసి, గాలి తగలకుండా వెంటనే టబ్బుల్లో ముంచాం. మా అమ్మాయి వలబుట్ట పట్టుకుని చేపల వెంట పడింది. నీలంవి త్వరగానే దొరికాయి. పసుప్పచ్చది ఏ రాయి వెనక దాక్కుందో తెలియక, అన్ని రాళ్ళూ తీసేదాకా దొరకలేదు. చారల జంటని వేరు చెయ్యకుండా, వాటి పువ్వు అతుక్కున్న రాయితో సహా ఒక టబ్బులోకి మార్చాం. అడుగునున్న ఇసకని కదిపేసరికి కుళ్ళిన గుడ్డు వాసన ఇల్లంతా కమ్మింది. ఆ ఇసక విషమని, చేపల దగ్గరికి రానివ్వద్దని, ఆయన దాన్ని బయట పారబోయించారు.

మేస్త్రీ మనుషులూ మా ఆయనా కలిసి ఖాళీ తొట్టిని పాత దుప్పట్ల మీదకి ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ అత్తయ్య గదిలోకి చేర్చారు. అంతా బాగానే జరిగిందనుకుంటుండగా, ఆయన గాజు అంచు వెంట వేలు రాస్తూ వెళ్ళి ఒకచోట ఆగిపోయారు. మూల దగ్గర అతుకు విడింది. పాతబడినందుకో, ఎత్తేటప్పుడు మెలిక పడ్డందుకో తెలియదు. సీసాలోంచి జిగురు పెట్టి అతికించారు. అది గట్టిపడేదాకా, అంటే కొన్నాళ్ళపాటు, తొట్టిలో నీళ్ళు పొయ్యడానికి వీల్లేదు. అన్నాళ్ళూ చేపలు డ్రమ్ముల్లోనే.

అలా అత్తయ్య గది నిండా మూతల్లేని డ్రమ్ములూ టబ్బులూ చేరాయి. ఒక్కోదాంట్లో సన్నటి గొట్టాలు, కరెంటు మోటార్ల నుంచి బుడగలు. మంచం పక్కన కూడా చోటు మిగలక చారల జంట ఉన్న టబ్బు అక్కడే పెట్టాల్సి వచ్చింది. అత్తయ్య దానికేసి చూడకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, దాటుకుని మంచమెక్కేవారు.

మర్నాడు హాల్లో గచ్చు పగలగొట్టారు. మొదటి దెబ్బ పడగానే మా ఆయన చెప్పులేసుకున్నారు. నేల పని కోసం ఇన్వర్టరు వైర్లు విప్పేశారు కదా, కరెంటు పోతే చేపలకి గాలుండదు, గుడివాడలో చెరువుల సామాన్లమ్మే షాపుల్లో బ్యాటరీ మోటార్లు దొరుకుతాయి, తీసుకొస్తానన్నారు. ఆ మాట నిజమే. కానీ వాళ్ళ నాన్నగారు చేయించిన గచ్చు ముక్కలవడం చూడలేకే అంత తొందరగా బయల్దేరారని నాకు తెలుసు. నేను మాత్రం నిలబడి చూశాను. ఎర్రటి పెంకులు పైకి లేస్తుంటే, వాటి అడుగున తడి ఇసక, అందులో చిన్న చిన్న గవ్వలు. అత్తయ్య తన గది గుమ్మం దాకా వచ్చి, చూసి, లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మూడు దాటాక ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. మేస్త్రీ మనుషులు పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయారు. ఈదురుగాలి మొదలైంది. హాల్లో సిమెంటు దుమ్ము లేచి కళ్ళల్లో పడింది. తలుపులు మూసేలోపే వాన. పక్కింటి రేకుల మీద ఆ చప్పుడుకి మాట వినిపించడం లేదు. చూస్తుండగానే కరెంటు పోయింది.

గదిలో బుడగల చప్పుడు ఆగిపోయింది.

మా ఆయనకి ఫోను చేశాను. ఆయన అప్పటికే బయల్దేరి కవుతరం దాటారట. రోడ్డుకడ్డంగా చెట్టు పడి, స్తంభాలు ఒరిగి, ముందుకీ వెనక్కీ కదల్లేక ఉన్నారు. "గాలి అందకపోతే చచ్చిపోతాయి. చెంబుతో నీళ్ళు ఎత్తి పొయ్యండి. టీ చల్లార్చినట్టు, పై నుంచి పొయ్యండి. ఆపొద్దు," అన్నారు. ఇంకేదో చెప్పబోతుండగా సిగ్నల్ పోయింది.

అమ్మాయి ఒక డ్రమ్ము దగ్గర, నేనొక డ్రమ్ము దగ్గర నిలబడి మొదలుపెట్టాం. చెంబు ముంచడం, భుజం దాకా ఎత్తడం, పొయ్యడం. కాసేపటికే మోచెయ్యి లాగడం మొదలైంది. మధ్యమధ్యలో రాళ్ళున్న టబ్బుల దగ్గరికి పరుగెత్తి నాలుగు చెంబులు పోసి వస్తున్నాం. నా మనసు మాత్రం చేపల మీద లేదు. బయట ఆ గాలి, లోపల గది నిండా ఉప్పునీళ్ళు. వాటి నడుమ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్న అత్తయ్య. ఆవిడ్ని ఎక్కడికి తీసుకెళ్దామన్నా మిగతా ఇల్లంతా తవ్వి ఉంది.

"అమ్మా, జంట ఉన్న టబ్బు సంగతేంటి?" అంది అమ్మాయి. అందులో ఒక చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. నేను చెంబు దించి అటు వెళ్ళబోయాను.

అప్పటికే అత్తయ్య లేచారు. చెవుల మీద నుంచి కొంగు తీసి నడుముకి దోపుకున్నారు. మంచం కిందున్న పీట కాలితో లాక్కుని టబ్బు ముందు కూర్చుని, తను మంచినీళ్ళు తాగే చెంబు ఖాళీ చేసి, నీళ్ళలో ముంచారు. మణికట్టు దాకా చెయ్యి లోపలికి వెళ్ళింది. ఎత్తి పోశారు. మళ్ళీ ముంచారు.

మేమిద్దరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. గదిలో మూడు చెంబుల చప్పుడు, బయట వాన.

చాలాసేపటికి మా అమ్మాయే అడిగింది. "నాన్నమ్మా, నీకు సముద్రమంటే భయం కదా?"

"భయవేవిటే," అన్నారు అత్తయ్య, చెయ్యి ఆపకుండానే. "అలిగాను."

మాకు అర్థం కాలేదు.

"పుట్టింటి మీద అలగరూ ఆడవాళ్ళు, అలాగ."

అప్పుడు, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. వాన చప్పుడుకి కొన్ని మాటలు వినిపించలేదు, అయినా మళ్ళీ చెప్పమని అడగలేదు. వాళ్ళమ్మ తెల్లవారకుండానే ఒడ్డుకి వెళ్ళి, పడవల దగ్గర చేపలు కొని, ఇసకలో ఎండబెట్టి, అవనిగడ్డ తీసుకెళ్ళి అమ్మేదట. వెంట ఈ పిల్ల. అమ్మ చేపలు పరిచే లోపల, పోటు తీసినప్పుడు గుంటల్లో మిగిలిపోయిన చిన్న చేపల్ని ఈవిడ చేతులతో పట్టి, కుండలో వేసుకుని ఇంటికి తెచ్చుకునేది. సాయంత్రానికి చచ్చిపోయేవి. ఏడిస్తే వాళ్ళమ్మ నవ్వి, సముద్రం కుండలో పడుతుందటే అనేది. మర్నాడు మళ్ళీ కుండ పట్టుకుని తయారయ్యేది ఈవిడ.

"ఎన్ని రంగులవో," అన్నారు అత్తయ్య. "ఇదుగో, ఇలాంటి చారలది కూడా ఒకసారి దొరికింది. ఇదే అని కాదులే. ఇలాంటిది."

ఉప్పెన రోజు సంగతి ఎక్కువ చెప్పలేదు. గాలి ఎక్కువైతే ఊరందరూ బడి భవనంలోకి చేరారు, అదొక్కటే గట్టి కట్టడం. వాళ్ళమ్మ కూడా వచ్చింది. వచ్చాక, కొట్టంలో దూడ కట్టేసి ఉందని గుర్తొచ్చింది. పలుపు విప్పి వస్తానని వెళ్ళింది. ఆ వెనకే నీళ్ళు వచ్చాయి.

"అమ్మ వస్తుందని చూసినన్నాళ్ళు అటే చూశాను," అన్నారు. "తర్వాత ఇంక చూడలేదు."

నేను ఏడుస్తున్నానని ఆవిడ గమనించి, "చెయ్యి ఆపకమ్మాయ్," అన్నారు. గట్టిగానే అన్నారు.

పొద్దుగూకే వేళకి వాన తగ్గింది. కరెంటు రాలేదు. మా ఆయన కారు అక్కడే వదిలేసి, కొంత దూరం ఎవరిదో ట్రాక్టరు మీద, కొంత నడిచి, బ్యాటరీ మోటార్లున్న సంచి కడుపుకి హత్తుకుని వచ్చారు. ఒళ్ళంతా బురద. గది గుమ్మంలోకి వచ్చి అలాగే నిలబడిపోయారు. ఎదురుగా వాళ్ళమ్మ ఉప్పునీళ్ళ టబ్బు ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నారు, జాకెట్టు చేతులు తడిసి.

"వచ్చావా. ఆ తడిబట్టలు మార్చుకో ముందు," అన్నారు అత్తయ్య, నీళ్ళు పోస్తూనే.

ఆయన బట్టలు మార్చుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో టబ్బులో గొట్టం వేశారు. చివరి టబ్బులో బుడగలు వచ్చాక అత్తయ్య చేతిలో చెంబు మెల్లగా తీసుకుని కింద పెట్టారు. ఆవిడ వేళ్ళు నానిపోయి ముడతలు పడ్డాయి. ఆయన ఆ చేతిని తువ్వాలుతో చాలాసేపు తుడిచారు. నేను కాఫీ పెట్టే నెపంతో బయటికి వచ్చేశాను.

మర్నాటికి పసుప్పచ్చ చేప చనిపోయింది. మిగిలినవన్నీ బతికాయి.

జిగురు గట్టిపడ్డాక తొట్టిని నీళ్ళతో నింపి చేపల్ని వదిలాం. రెండు వారాల్లో అయిపోతుందన్న నేల పని, వానల వల్లా, టైల్స్ ఒకసారి వేరే రంగువి రావడం వల్లా, సాగుతూ పోయింది. ఆ వేసవి మిగిలిన రోజులన్నీ మేం నలుగురం, చేపలూ, అత్తయ్య గదిలోనే. వంట వరండాలో. తిండి మంచం మీద, ఒడిలో కంచాలు పెట్టుకుని. నాకు అంత ఇరుకూ అంత సుఖమూ మళ్ళీ ఎప్పుడూ దొరకలేదు. ఇప్పుడు మా అమ్మాయి విశాఖలో ఉద్యోగం చేసుకుంటోంది. అత్తయ్య లేరు. ఇల్లంతా తెల్లటి టైల్స్, ఎటు చూసినా విశాలం. కానీ మా ఇల్లు అని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది, అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేని ఆ గదే.

సాయంత్రం పనివాళ్ళు వెళ్ళాక దుమ్ము తుడుచుకుని, కుటుంబ ప్రార్థనకి కూర్చునేవాళ్ళం. అమ్మాయి బైబిల్లో వాక్యం చదివేది. తొట్టిలోంచి నీలం వెలుగు అందరి మొహాల మీదా కదిలేది. ప్రార్థన చేసేటప్పుడు అత్తయ్య ఎప్పటిలాగే పేరుపేరునా అందరి కోసం అడిగి, చివర్లో "ఈ గదిలో ఉన్న సమస్త జీవుల్ని" అని కలిపేవారు. కళ్ళు మూసుకునే మా అమ్మాయి నవ్వు ఆపుకునేది.

మంచం మళ్ళీ తిప్పమని ఆవిడ అడగలేదు. ఒకరోజు చూస్తే దిండు మాత్రం కాళ్ళవైపుకి మారింది. పడుకుని చేపల్ని చూడ్డం మొదలుపెట్టారు. చారల జంటలో పెద్దది ఆడది, దాని మాటే చెల్లుతుందని కొడుకు చెప్పగా విని, దానికి "కోడలు" అని పేరు పెట్టారు. "మీ కోడలు ఇవాళ మొగుణ్ణి గడప తొక్కనివ్వట్లేదమ్మా," అనేవారు మా ఆయన నా వైపు చూస్తూ. అత్తయ్య నన్ను వెనకేసుకొచ్చేవారు. మేత వేసే పని కూడా ఆవిడే పుచ్చుకున్నారు. ఎక్కువ వేస్తున్నారని కొడుకు గోల పెడితే, "ఇంటికొచ్చిన వాటికి కొలిచి పెడతారా?" అనేవారు.

నేల పని పూర్తయ్యాక, అక్వేరియం ఇక్కడే ఉండనిద్దామా అని మా ఆయన ఆశగా అడిగారు. అత్తయ్య ఒప్పుకోలేదు. "రాత్రంతా గుడగుడమంటా ఉంటే నిద్రెక్కడ పడుతుంది? పొద్దున్న హాల్లోకొచ్చి చూస్తాలే," అన్నారు. మళ్ళీ డ్రమ్ములు, మళ్ళీ పైపులు. ఈసారి ఏ అతుకూ విడలేదు. కొత్త నేల మీద అది కొత్తదానిలా కనిపించింది.

స్కూళ్ళు తెరవబోయే ముందు ఆదివారం, ఆరాధన అయ్యాక గుళ్ళోంచి వస్తూ కారులో అత్తయ్య, "ఒరే, మా ఊరు తీసుకెళ్తావా?" అన్నారు. మా ఆయన ఇంటి మలుపు దగ్గర తిప్పకుండా కారు నేరుగా పోనిచ్చారు. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వంతెన, అవనిగడ్డ. అక్కడ ఆగి ఇడ్లీ తిన్నాం. నాగాయలంక దాటాక అత్తయ్య కిటికీ అద్దం దించేశారు. ఏ గుర్తూ ఆవిడకి తెలిసినట్టు లేదు. పొలాలున్న చోట చెరువులు, ఇసక బాట ఉన్న చోట తారు రోడ్డు. ఊళ్ళో అన్నీ డాబా ఇళ్ళే.

కరకట్ట దగ్గర కారు ఆపాం. చెప్పులు విడిచి, మా అమ్మాయి భుజం పట్టుకుని కట్ట ఎక్కారు. అవతల మడచెట్లు, బురద, ఆ వెనక దూరంగా వెండి గీతలాగా సముద్రం. చేత్తో కళ్ళకి ఎండ అడ్డం పెట్టుకుని చూశారు. నేను ఆవిడ మొహంలోకి చూడలేక పక్కకి తిరిగాను. కాసేపటికి, "అంత దూరం జరిగిందేవిటి?" అన్నారు. ఒడ్డు కనిపించకుండా మడ పెరిగిందనీ, సముద్రం ఎక్కడికీ పోలేదనీ మా ఆయన చెప్పారు. ఆవిడ తలూపారు.

దిగి వస్తుంటే, ఇంటి ముందు వల మీద మెత్తళ్ళనే చిన్న ఎండుచేపల్ని తిరగేస్తున్న ఒక ముసలావిడ, "ఎవరింటికండీ?" అని పలకరించింది. ఎవరింటికీ కాదని, తన తల్లి పేరు చెప్పి, వాళ్ళమ్మాయినని అన్నారు అత్తయ్య. ముసలావిడ చేతిలో పుల్ల పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, అత్తయ్య గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూసింది.

"గొంతు విన్నప్పుడే అనుకున్నా. మీ అమ్మ గొంతే," అంది.

ఇద్దరూ బళ్ళో ఒకే బెంచీ అట. ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు. మామిడికాయ వేసి మెత్తళ్ళ కూర వండింది. పెరట్లో చాప వేసి అన్నం పెట్టింది. వాళ్ళిద్దరూ తినడం మానేసి మాట్లాడుకుంటూనే ఉన్నారు. మాకు తెలియని మనుషులు, ఇప్పుడు లేని ఇళ్ళు, ఎవరి పెళ్ళిలోనో తడిసిపోయిన పందిరి. అత్తయ్య వాళ్ళమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తూ పాడే పాట ఒకటుందట. ముసలావిడ మొదటి ముక్క అందుకుంది, అత్తయ్య రెండోది. మూడో ముక్క ఇద్దరికీ గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవాలని ఒకరి తొడ మీద ఒకరు చరుచుకుంటూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ మొదటికొచ్చారు. అంత పెద్దగా నవ్వడం అత్తయ్యకి వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎండ వాలింది. మా ఆయన కారు స్టార్టు చేసి, ఒకసారి హారన్ కొట్టారు. అత్తయ్య వినిపించుకోలేదు. నేను వెళ్ళి, చీకటి పడేలోపు బందరు చేరాలి కదా అత్తయ్యా అన్నాను.

"వాణ్ణి ఇంజను ఆపుకోమను," అన్నారు అత్తయ్య, చాప మీద నా కోసం కొంచెం పక్కకి జరుగుతూ. "నువ్వూ కూర్చో. ఇంకాసేపుండి వెళ్దాం."